దుంగల లారీ – దిగుడు దారి

“బండి ముచ్చటగా ఉంది. కొండ ఎక్కుతుంది, సందేహం లేదు. కానీ దిగేదెలా?”

మా అబ్బాయి పొరుగింటి పెద్దాయన ఈ మాట అన్నప్పుడు నేనూ మా మనవడూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాము. నెల రోజులు శ్రమపడి తయారుచేసిన వస్తువు బల్లమీద ఉంది. అందులో లోపం ఏమిటో మా ఇద్దరికీ తోచలేదు.

గత వేసవిలో నేనూ మా ఇంటావిడా అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలోని సియాటిల్ నగరానికి సమీపాన ఉన్న మా అబ్బాయి ఇంట గడిపాము. అక్కడ తూర్పున కాస్కేడ్ పర్వతాలు, పడమట సముద్రపు పాయలు. కొండల వైపు కారులో వెళ్ళినప్పుడల్లా నిడుపాటి దుంగలు కట్టుకొని వచ్చే లారీలు ఎదురయ్యేవి. పదకొండేళ్ళ మనవడికి వాటిమీద మనసు పడింది. ‘పీటర్‌బిల్ట్ 359’ అనే లారీకి 25వ వంతు ప్లాస్టిక్ నమూనా విడిభాగాల పెట్టె ఒకటి కొనిపించుకున్నాడు. ఆ రకం లారీలు 1967లో మొదలై 1987 వరకు తయారయ్యాయి. పెట్టెలో ఉన్నది మామూలు రహదారి లారీ. దాన్ని దుంగల లారీగా మార్చే పని తాతామనవళ్ళ వంతు అయింది. విశ్రాంత తెలుగు పండితుడికి ఇంతకంటే అక్కరకురాని పని ఉండదని మా ఆవిడ అభిప్రాయం.

పొరుగాయన ముప్పై ఏళ్ళు ఆ కొండలలో దుంగల లారీ నడిపి విరమించిన మనిషి. ఆయన వేలు పెట్టి చూపించాడు. క్యాబిన్ వెనుక నీళ్ళ తొట్టి లేదు. తొట్టినుంచి చక్రాల దగ్గరికి పోయే గొట్టాలు లేవు. మన శాస్త్రాలలో వాక్యానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి ఉండాలంటారు. పదాలన్నీ పొందికగా అమర్చి, ఆకాంక్ష తీరని వాక్యాన్ని మేము నిర్మించామన్నమాట.

ఆ తొట్టి ఎందుకో తెలుసుకొనే ప్రయత్నంలో ఈ వాహనం చరిత్ర అంతా చదవవలసి వచ్చింది. చదివిన కొద్దీ ఒక సంగతి స్పష్టమయింది. లోకంలో బరువు బండ్ల చరిత్రను మనం సాధారణంగా లాగే బలం చరిత్రగా చెప్పుకుంటాము. ఎన్ని గుర్రాల శక్తి, ఎన్ని టన్నుల బరువు అని. దుంగల లారీ కథ వేరు. చెట్లు కొండమీద ఉంటాయి, కోత మిల్లులు కింద నీటి ఒడ్డున ఉంటాయి. అంచేత ఈ బండి పైకి పోయేటప్పుడు ఖాళీగా పోతుంది, నిండు బరువుతో ఎప్పుడూ కిందికే వస్తుంది. దీనికి లాగడం కన్నా నిలవడం ముఖ్యం.

*

మొదట ఎద్దులు. హెన్రీ యెస్లర్ 1853లో సియాటిల్ ఒడ్డున ఆవిరి కోత మిల్లు నడపడం ప్రారంభించినప్పుడు, కొండమీద కొట్టిన మానులను దానిదాకా జార్చుకు రావలసి వచ్చింది. దారికి అడ్డంగా వరుసగా చిన్న దుంగలు పాతి, వాటికి కొవ్వు పూసి, వాటిమీదుగా పెద్ద మానులను ఎద్దులచేత ఈడ్పించేవారు. ఆ దారిని ఇంగ్లీషులో ‘స్కిడ్ రోడ్’ అన్నారు. మిల్లు కూలీలు, పనిలేనివారు, తాగుడుకు బానిసలైనవారు ఆ వీధి చుట్టుపక్కల చేరడంతో, ‘స్కిడ్ రో’ అనే రూపంలో ఆ మాటకు దిక్కులేనివారి పేట అని అర్థం స్థిరపడిందని చెబుతారు. శబ్దార్థాల ప్రయాణం మీద మోజున్నవాడిని కనుక ఈ సంగతి చెప్పకుండా ముందుకు సాగలేకపోయాను.

తరువాత ఆవిరి. కాలిఫోర్నియాలో జాన్ డోల్బీర్ దుంగలను మోకుతో ఈడ్చే ఆవిరి యంత్రానికి 1882లో పేటెంటు పొందాడు. దానిని ‘డాంకీ’ అనేవారు. మిచిగన్‌లో ఎఫ్రయిమ్ షే అనే కలప వ్యాపారి, అన్ని చక్రాలనూ పళ్ళచక్రాలతో తిప్పే రైలింజను కనిపెట్టి 1881లో పేటెంటు తీసుకున్నాడు. మామూలు రైలింజను వెళ్ళలేని ఏటవాలుల్లోకి, వంకర దారుల్లోకి అది వెళ్ళగలిగింది. అర్ధశతాబ్దం పాటు ఆ అడవుల్లో రైలుదే రాజ్యం. ఒక లోయ నరకడం పూర్తి కాగానే పట్టాలు పీకి మరో లోయలో పరిచేవారు.

రైలుకు ఒక పరిమితి ఉంది. పట్టా వేయడం ఖర్చుతో కూడిన పని. ఒకచోట దట్టంగా, వేలకు వేలు చెట్లు ఉంటేనే గిట్టుబాటు. సముద్రమట్టానికి దగ్గరి అడవి తరిగి, మిగిలిన అడవి ఎత్తున, ఏటవాలున, అక్కడక్కడ ముక్కలుగా ఉండిపోయిన తరుణంలో లారీ ప్రవేశించింది.

1910ల నాటి ఆ తొలి లారీలను తలచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. గాలి లేని గట్టి రబ్బరు టైర్లు. వెనుక చక్రాలను గొలుసు తిప్పేది. బ్రేకులు వెనుక చక్రాలకు మాత్రమే, అవీ మనిషి కాలిబలంతోనో చేతిబలంతోనో పట్టేవి. బురదలో దిగబడకుండా రెండు వరుసల పొడుగు పలకలు పరిచి దారి వేసేవారు. ఏడాదిలో అధికభాగం వానలు కురిసే ప్రాంతం అది. తడిసిన పలకలమీద టైరు పట్టు కోసం ఇసుక చల్లేవారు.

మొదటి ప్రపంచయుద్ధంలో విమానాల చట్రాలకు సిట్కా స్ప్రూస్ అనే తేలికైన, గట్టి కలప కావలసివచ్చింది. అమెరికా సైన్యం 1917లో ‘స్ప్రూస్ ప్రొడక్షన్ డివిజన్’ పేరిట వేలాది సైనికులను ఈ అడవులకే పంపింది. వారు రైలుదారులూ, లారీ దారులూ వేశారు. యుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న లారీలు చవకగా పౌరుల చేతికి వచ్చాయి. రైలు వేయగల స్తోమత లేని చిన్న గుత్తేదారు ఒక పాత సైనిక లారీతో కలప వ్యాపారంలో అడుగుపెట్టగలిగాడు.

మా నమూనా లారీ పుట్టుక కూడా ఇక్కడిదే. టకోమా నగరంలో ప్లైవుడ్ వ్యాపారి అయిన టి. ఎ. పీటర్‌మన్‌కు తన మిల్లుకు దుంగలు చేరవేసే గట్టి లారీలు కావలసివచ్చాయి. దివాలా తీసిన ఫేజల్ అనే కాలిఫోర్నియా లారీల కంపెనీని ఆయన కొన్నాడు. 1939లో పీటర్‌బిల్ట్ లారీలు ఆ విధంగా మొదలయ్యాయి. పీటర్‌మన్ కొద్ది ఏళ్ళకే మరణించాడు. 1958లో ఆ కంపెనీ పసిఫిక్ కార్ అండ్ ఫౌండ్రీ చేతికి వచ్చింది. ఈనాడు అమెరికా రహదారులమీద మెరుస్తూ తిరిగే ఆ ఎర్రని గుడ్డు చిహ్నం వెనుక ఉన్నది ఒక కలప వ్యాపారి అవసరం.

*

నమూనా తయారీకి పాత ఛాయాచిత్రాలు కావాలి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో క్లార్క్ కిన్సే అనే ఛాయాగ్రాహకుడు ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల కలప శిబిరాలలో తీసిన చిత్రాలు ఉన్నాయి. అంతర్జాలంలోనూ చూడవచ్చు. వాటిని ముందు పెట్టుకొని నేను కొలతలు వేస్తుంటే, మనవడు పలుచని చెక్కలు కోసేవాడు.

అప్పుడు తెలిసింది, దుంగల లారీకి వెనుక భాగంలో చట్రమే లేదని. ముందు లారీ ఒకటి, ఎంతో దూరాన వెనుక రెండు ఇరుసుల చిన్న బండి ఒకటి. రెంటినీ కలిపేది ఒక పొడవాటి దూలం మాత్రమే. ఇంగ్లీషులో దానిని ‘రీచ్’ అంటారు. మనవడికి తెలుగులో చెప్పడానికి నాకు కష్టం కలగలేదు. అది నొగ. లారీమీద ఒకటి, వెనుక బండిమీద ఒకటి అడ్డదూలాలు ఉంటాయి. వాటి కొసల్లో నిలువు గుంజలు. దుంగలను ఈ అడ్డదూలాలమీద పడుకోబెట్టి గొలుసులతో బిగిస్తే, ఆ దుంగలే ముందు బండినీ వెనుక బండినీ కలిపే చట్రమవుతాయి. మోయబడే వస్తువే మోసే బండిలో భాగమవుతుంది. మలుపులో దుంగలు వంగవు కదా. అందుకని అడ్డదూలాలు మేకుమీద ఇటూ అటూ తిరుగుతాయి, నొగ తన గూటిలో ముందుకూ వెనక్కూ జరుగుతుంది. ఖాళీగా కొండ ఎక్కేటప్పుడు వెనుక బండిని ఎత్తి లారీ వీపుమీదనే పెట్టుకుంటారు. నొగ క్యాబిన్ మీదుగా ముందుకు చాచుకొని ఉంటుంది. ఇరుసు, నొగ, గుంజ, శీల అన్న మన ఎడ్లబండి మాటలతోనే ఆ యంత్రమంతా వివరించగలిగాను. మనవడు ఆ నాలుగు మాటలూ నేర్చుకున్నాడు. ఈ ప్రయాణంలో నాకు మిగిలిన లాభాల్లో అదొకటి.

గుంజలలో మరో విశేషం ఉంది. మిల్లు దగ్గర దుంగలు దించడానికి గుంజను వదిలించినప్పుడు, ఆ వైపు నిలబడిన మనిషిమీద దుంగలు దొర్లిపడతాయి. ఎందరో అలా పోయారు. అందుకని ఒక వైపు గుంజను రెండో వైపునుంచి వదిలించే ఏర్పాటు చేశారు. డ్రైవరు వీపు వెనుక నిలబెట్టే దళసరి ఇనుప పలక కూడా అలాంటిదే. బండి హఠాత్తుగా ఆగితే దుంగలు ఆగవు, ముందుకు జారి క్యాబిన్‌లోకి దూసుకువస్తాయి. ఈ బండిలో అలంకారమనుకున్న ప్రతి భాగం వెనుకా ఎవరి ప్రాణమో ఉందనిపించింది.

పాత చిత్రాలలో ఒక వింత నన్ను చాలా రోజులు వేధించింది. కొన్ని లారీల క్యాబిన్లకు తలుపులు లేవు. ఆర్థిక మాంద్యం రోజులు కదా, పాతబడి ఊడిపోయి ఉంటాయనుకున్నాను. పొరుగాయనను అడిగితే మెల్లగా నవ్వాడు. ఆయన తండ్రి కూడా దుంగల లారీ డ్రైవరే.

“ఊడిపోలేదండీ, ఊడదీశారు. బ్రేకులు పోతే దూకడానికి.”

*

బ్రేకు ఎలా పోతుంది? నాకు భౌతికశాస్త్రం అంతంతమాత్రం. మా అబ్బాయి ఒక కాగితంమీద లెక్క కట్టి చూపించాడు. అమెరికా జాతీయ రహదారులమీద లారీకి సాధారణంగా అనుమతించే మొత్తం బరువు 80,000 పౌండ్లు, అంటే ఇంచుమించు 36 టన్నులు. ఇది నూటికి 8 వంతుల వాలులో 5 కిలోమీటర్లు దిగితే 400 మీటర్ల ఎత్తు దిగినట్టు. వేగం పెరగకుండా దిగాలంటే 14 కోట్ల జౌళ్ళ శక్తిని ఎక్కడో వదిలించుకోవాలి. బ్రేకు చేసేది ఆ శక్తిని వేడిగా మార్చడమే. ఇనుప డ్రమ్ము వేడెక్కి వ్యాకోచిస్తుంది, లోపల ఒత్తే బ్రేకు పట్టాకు దూరమవుతుంది. ఆ పట్టా కూడా వేడికి పట్టు కోల్పోతుంది. డ్రైవరు తొక్కుతూనే ఉంటాడు, బండి వేగం పుంజుకుంటూనే ఉంటుంది.

ఆ వేడిని నీరు తీసుకుపోగలదు. ఆ 14 కోట్ల జౌళ్ళూ నీటికే పోతాయనుకుంటే 50 లీటర్లకు పైగా నీరు ఆవిరి కావాలి. చల్లిన నీటిలో చాలా భాగం ఆవిరి కాకుండానే నేలపాలవుతుంది కనుక, వందల లీటర్ల తొట్టి అవసరమయింది. క్యాబిన్ వెనుక తొట్టి, దానినుంచి ప్రతి డ్రమ్ము మీదికీ సన్నని గొట్టం, డ్రైవరు చేతికి అందే చోట ఒక మర. ఎంత సరళమైన ఏర్పాటు! అయితే అందులో ఒక కిటుకు ఉందని పొరుగాయన చెప్పాడు. డ్రమ్ము బాగా కాగిన తరువాత నీరు వదిలితే పోత ఇనుము పగులుతుంది. కొండ దిగడం మొదలుపెట్టక మునుపే, ఏ అవసరమూ కనిపించని సమయంలోనే మర తిప్పాలి. ఆయన తండ్రికి ఒక సహోద్యోగి ఉండేవాడట. నీరు పొదుపు చేద్దామని సగం దారి దాకా తిప్పలేదట. అంతకుమించి ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇక్కడ చరిత్రలో ఒక విపర్యయం కనబడుతుంది. 1933లో సియాటిల్‌లోని కెన్‌వర్త్ కంపెనీ డీజిల్ ఇంజనును తన లారీలకు కర్మాగారంలోనే అమర్చి అమ్మసాగింది. డీజిల్ బలమైనది, పొదుపైనది. కొండ ఎక్కడం సులువయింది. కానీ పెట్రోలు ఇంజను కాలు తీయగానే గాలి దారి మూసుకొని బండిని కొంత వెనక్కి పట్టి ఉంచుతుంది. డీజిల్ ఇంజనులో గాలి దారికి అటువంటి అడ్డు లేదు, కనుక ఆ పట్టు చాలా తక్కువ. ఎక్కడానికి వచ్చిన వరం దిగేటప్పుడు శాపమయింది.

ఈ సంగతి ఆ ఇంజను తయారుచేసినవాడికే అనుభవానికి వచ్చింది. డీజిల్ ఇంజనుల నిర్మాత క్లెసీ కమిన్స్ 1931లో తన ఇంజను బిగించిన లారీలో న్యూయార్క్ నుంచి లాస్ ఏంజిలిస్‌కు ప్రయాణిస్తూ, కాలిఫోర్నియాలో కహోన్ కనుమ దిగుతుండగా బ్రేకులు పట్టు వదిలాయి. దిగువన రైలు పట్టాలు, వాటిమీద సరుకు రైలు. వెంట్రుకవాసిలో ప్రాణాలు దక్కాయి. ఆ భయం ఆయన్ను పాతికేళ్ళు వెంటాడింది. ఉద్యోగ విరమణ తరువాత ఒక ఉపాయం కనిపెట్టాడు. ఇంజను సిలిండరులో గాలిని గట్టిగా అదిమిన క్షణంలోనే బయటి కవాటం తెరిచి ఆ గాలిని వదిలివేయడం. అదమడానికి బండి తన వేగాన్ని ఖర్చుపెడుతుంది, ఆ ఖర్చు తిరిగి రాదు. బలాన్ని పుట్టించే ఇంజనే బలాన్ని మింగే యంత్రమవుతుంది. జేకబ్స్ అనే కంపెనీ 1961లో దానిని మార్కెట్లోకి తెచ్చింది. ‘జేక్ బ్రేక్’ అని వాడుక. కొండ వాలులో లారీలు దడదడమని చేసే మోత అదే.

మా నమూనా కాలానికి జేక్ బ్రేకు వచ్చేసింది. అయినా తొట్టి ఎందుకని మనవడు అడిగాడు. పొరుగాయన జవాబు ఇది: “ఒకటి చెడితే రెండోది ఉండాలి బాబూ.”

*

తొట్టి తరువాత మిగిలింది దుంగలు. ఎంత లావువి, ఎన్ని? ఇది చిన్న ప్రశ్న కాదు. పాత చిత్రాలలో ఒక్క దుంగే లారీని నింపేసిన దృశ్యాలు ఉన్నాయి. 6 అడుగుల అడ్డుకొలత గల డగ్లస్ ఫర్ మాను 25వ వంతులో దాదాపు 3 అంగుళాలు. ఈనాడు రహదారిమీద పోయే లారీలో అంతకంటే ఎంతో సన్నని దుంగలు ఇరవై, ముప్పై ఉంటాయి. దుంగల లావు చూసి కాలం చెప్పవచ్చు. శతాబ్దాల వయసున్న వృక్షాలు పోయి, నాటి పెంచిన చెట్లు వచ్చాయి. 1990లో ఉత్తరపు చుక్కల గుడ్లగూబను అంతరించే ప్రమాదమున్న జాతిగా ప్రకటించారు. 1994లో ప్రభుత్వ అడవులకు కొత్త ప్రణాళిక వచ్చి నరకడం బాగా తగ్గింది. దానితో ఆ కొండల ఊళ్ళలో ఎందరికో పని పోయింది. పొరుగాయన ఈ విషయంలో ఎవరినీ నిందించలేదు. “చెట్లూ పోయాయి, మేమూ పోయాము” అని మాత్రం అన్నాడు.

మనవడికి ఒక్క పెద్ద దుంగే కావాలని కోరిక. నాకు ఇరవై సన్న దుంగలు పెడితే నిజానికి దగ్గరగా ఉంటుందని. చివరకు 1970ల నాటి బండికి తగినట్టుగా, పెరట్లో కొట్టేసిన కొమ్మలనుంచి ఏడు మధ్యరకం దుంగలతో రాజీపడ్డాము. 40 అడుగుల దుంగ మా లెక్కలో 19 అంగుళాల పైచిలుకు.

రహదారి నిబంధనలకు కట్టుబడిన లారీ మాది. ఉత్తరాన కెనడాలో, వాంకూవర్ ద్వీపపు ప్రైవేటు అడవి దారులమీద ఇంతకంటే భారీవి తిరిగేవి. వాంకూవర్‌లో 1920లో మొదలైన హేస్, అక్కడినుంచి బయటికి వచ్చినవారు 1947లో స్థాపించిన పసిఫిక్ కంపెనీలు వాటిని తయారుచేసేవి. రహదారిపై లారీ వెడల్పు 8 అడుగులు మించకూడని రోజుల్లో, వాటి అడ్డదూలాలు 12, 14 అడుగులు ఉండేవి. వాటికీ నీళ్ళ తొట్టెలే ఆధారం. హేస్ 1975లో, పసిఫిక్ 1991లో మూతపడ్డాయి. ఆ ద్వీపంలోనే ఉత్తర అమెరికాలోని ఆఖరి కలప రైలు 2017 వరకు నడిచింది. ఆ ఏడాది ఏప్రిల్ 20న వాస్ అనే ఊరి దగ్గర దుంగలతో నిండిన పెట్టెలు అదుపు తప్పి వాలులో దొర్లివచ్చాయి. పట్టాలమీద పనిచేస్తున్నవారిలో ముగ్గురు మరణించారు. ఆ ఏడాదే రైలు ఆగిపోయింది, దుంగలు లారీలకెక్కాయి. నూరేళ్ళ కిందట లారీకి ఎదురైన ప్రశ్న, రైలుకు దాని ఆఖరి ఏడాదిలోనూ ఎదురైంది.

*

మందు సీసా ప్లాస్టిక్ మూతలు రెండు అతికించి తొట్టి చేశాము. సన్నని రాగి తీగలు గొట్టాలయ్యాయి. గుండుసూది తల మర అయింది. తొట్టి కొత్తగా మెరుస్తుంటే బాగోలేదని మనవడే దానికి తుప్పు రంగు వేసి, డ్రమ్ముల కింద తడి జాడలు దిద్దాడు. ఇది ఎవరూ చెప్పకుండా వాడికి తోచిన పని.

తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు పొరుగాయనను పిలిచి చూపించాము. కళ్ళద్దాలు సవరించుకొని చాలాసేపు చూశాడు. గొలుసుల బిగింపు చూశాడు, నొగ గూటిలో జరుగుతోందో లేదో వేలితో కదిపి చూశాడు. ఆ తరువాత గోటికొసతో గుండుసూది తలను మెల్లగా కుడివైపుకు తిప్పాడు.

“ఇప్పుడు పోనివ్వు” అన్నాడు మనవడితో.